సోవియట్ లేత్ మిషన్

చనిపోయిన మా అన్న కొత్తూరులోని సర్కారు ఫ్యాక్టరీలో నడిపిన పెద్ద లేత్ మిషన్ సోవియట్ దేశం నుంచి వచ్చింది. దాని పని నేర్చుకోవడానికి ఆయన ఆరు నెలలు అక్కడ ఉండి వచ్చాడు. ఆ దేశం విడిపోయాక విడిభాగాలు రాలేదు. అన్నే వాటిని తయారుచేసుకుంటూ ఏళ్ల తరబడి దాన్ని నడిపాడు.

మా దగ్గర్లో ఎయిర్‌పోర్టు వచ్చిన మరుసటి ఏడాది ఆ ఫ్యాక్టరీని గోదాము కోసం ఎవరో కొన్నారు. మిషన్ విప్పి ఇస్తే మరోచోట బిగిస్తామని, అక్కడే ఉద్యోగమిస్తామని కొత్త మేనేజర్ చెప్పాడు. అన్న వారం రోజులు ఒక్కో భాగం విప్పి, నంబరు వేసి పెట్టాడు. ఎనిమిదో రోజు నేను అన్నం తీసుకెళ్లేసరికి పాత ఇనుము లారీ వచ్చి ఉంది.

"గివేం నంబర్లన్నా? ఇనుముకు గూడ హాల్‌టికెట్లు ఇస్తున్నవా?" అని లారీ మేస్త్రీ నవ్వాడు.

అన్న మేనేజర్ వైపు తిరిగాడు. "బిగిస్తమంటిరి గద సార్?"

"అలా చెప్పకపోతే మీరు విప్పేవారా అండీ?"

కూలీ ఒకడు గ్యాస్ కట్టర్‌తో మిషన్ అడుగు భాగాన్ని కోయబోయాడు.

"ఆడ కోస్తే నీ కాళ్ల మీదనే పడ్తది. జర ఇటు జరుగు" అని అన్న ఎక్కడ కోయాలో చూపించాడు.

సాయంత్రం మేనేజర్, విప్పాల్సిన మిషన్లు ఇంకో రెండున్నాయని, రేపూ రమ్మన్నాడు. అన్న వెళ్లాడు.