కడపకు మోసుకెళ్ళిన పొగ రింగులు

కర్నూలు నుంచి కడపకు పొగ తీసుకెళ్ళదలచిన వారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నేను ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. రంధ్రంలోంచి దూసుకొచ్చే గాలి ఎంత అల్లకల్లోలంగా ఉన్నా, అందులో కొన్ని సుడులు చెదరకుండా చాలా దూరం పోతాయి. నా పరిశోధన వాటి మీదే. కడపలో జరిగే సదస్సులో వాటిని పొగ రింగులుగా చూపించి బహుమతి తెస్తే నా ల్యాబు ఉంటుంది, లేకపోతే ఆ గదిలో అడ్మిషన్ల కౌంటరు పెడతామని ప్రిన్సిపాల్ తేల్చి చెప్పారు.

పొద్దున ఐదున్నరకు బస్సెక్కాను. ఒళ్ళో ఖాళీ నూనె డబ్బా. దానికి ఒకవైపు గుండ్రటి రంధ్రం, రెండోవైపు బిగించిన రబ్బరు, లోపల వెలిగించుకోవడానికి సాంబ్రాణి కప్పులు.

"ఏముండాది సార్ దాంట్లో?" అన్నాడు కండక్టర్.

"గాలి."

"గాలైనా జాగా పడ్తాది గదా!" అని లగేజీ టికెట్ కొట్టాడు.

నంద్యాలలో టిఫినుకు ఆగుతుంది. ఇడ్లీ ఫరవాలేదు, చట్నీని నమ్ముకోవద్దు.

పదకొండుకు హాలు చేరాను. శాలువాలు కప్పడం ఒంటిగంట దాకా సాగింది. నాకు ఐదు నిమిషాలిచ్చారు. రింగు నిలవాలంటే గాలి కదలకూడదు కాబట్టి ఫ్యాన్లు ఆపమన్నాను.

"ఏమప్పా, మమ్మల్ని సంపేకి వచ్చినావా?" అన్నారు ముఖ్య అతిథి.

అంతలో నా అదృష్టం పండి కరెంటు పోయింది. సాంబ్రాణి వెలిగించి రబ్బరు మీద తట్టాను. పళ్ళెమంత రింగు వేదిక నుంచి ఆఖరి వరస దాకా తొణక్కుండా వెళ్ళింది. చూడ్డానికి హాల్లో ఎవరూ లేరు, ఉక్కకు తాళలేక అందరూ వరండాలోకి పోయారు. కరెంటొచ్చాక నా సమయం అయిపోయిందన్నారు. ప్రతి స్లయిడులో ముఖ్య అతిథి ఫొటో పెట్టినాయనకు బహుమతి దక్కింది.

తిరుగు బస్సు నాలుగింటికి. మైదుకూరు దాటాక టైరు పోయింది. అందరం రోడ్డు పక్కన దిగాం. అప్పుడే ప్రిన్సిపాల్ ఫోను: "బహుమతి రాలేదటగా. సోమవారం ల్యాబు తాళాలు ఇచ్చేయండి." నాకు ఏడుపొక్కటే తక్కువ.

పక్కన ఒక పెద్దామె, చంకలో గుక్కపట్టి ఏడుస్తున్న మనవరాలు. సాంబ్రాణి వాసన పట్టి, దుకాణాలకు పొగ వేస్తూ తిరిగే ఫకీరనుకుంది నన్ను.

"బిడ్డకు దిష్టి తగిలినట్టుండాదప్పా. రోంత పొగ ఎయ్యి."

గాలి ఆడడం లేదు. కప్పు వెలిగించి రబ్బరు తట్టాను. రింగు మెల్లగా పోయి పాప జుట్టును తాకింది. ఏడుపు ఆగింది. "శానా బాగుండాది, ఇంగొగటి వదులు!" అని చుట్టూ చేరారు. టైరు బిగించి డ్రైవర్ హారన్ కొట్టినా ఎవరూ కదల్లేదు. నా జీవితంలో ఇంత మంచి సదస్సు చూడలేదు.

బస్సెక్కుతూ పెద్దామె అడిగింది: "యాడుంటావప్పా? ఏ దర్గా నీది?"

"కర్నూల్లో ఒక గదమ్మా," అన్నాను. "సోమవారం దాకా."