ఈశాన్యం మూల బోరు

నా చిన్నప్పుడు, ఎనభైల్లో, పటాన్‌చెరు ఫ్యాక్టరీ ఉద్యోగాల కోసం కోస్తా నుంచి వచ్చిన మా కుటుంబాలన్నీ పటేల్‌గూడ దగ్గర ఒకేచోట స్థలాలు కొని ఇళ్లు కట్టుకున్నాయి. బియ్యం మా ఊళ్ల నుంచే వచ్చేవి. కిరాణా కొట్టు మావాళ్లదే. ఓట్లు కూడా అందరివీ ఒకరికే. వాస్తు ప్రకారం కాలనీ బోరును ఈశాన్యం మూలన వేయించారు. ఆ మూలను ఆనుకునే పక్క చేను రైతు బావి ఉందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఆ వేసవిలో బావి అడుగంటింది. మేం పెద్దమ్మ అని పిలిచే ఆ రైతు భార్య గట్టు మీద నిలబడి, "మీరు రాకముందు ఈ బాయి ఎన్నడన్న ఎండిందా? వంకాయ తోట సచ్చిపోతున్నది, జెర సూడుండ్రి," అంది. "భూమిలో నీళ్ల మీద మీ పేరు రాసుందా?" అన్నాడు మా బాబాయి. మర్నాడు పొద్దున బోరు పైపు నరికేసి ఉంది.

మగవాళ్లు కర్రలతో బయల్దేరారు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మా తాతయ్య గేటుకు అడ్డంగా కుర్చీ వేసుకుని, "వెళ్దురుగాని, ముందిది వినండి," అంటూ అమెరికాలో మోర్మన్లనే కొత్త మతస్థుల కథ ఎత్తుకున్నాడు. జనావాసాల అంచుకు వెళ్లి, గుంపుగా భూములు కొని, ఊరు కట్టుకుని, అందరూ ఒకేవైపు ఓటేసేవారట. ఇరుగుపొరుగు భయపడి వాళ్ల ఇళ్లు తగలబెట్టారట. జైల్లో ఉన్న వాళ్ల గురువును మూక చంపేసిందట. గడ్డకట్టే చలిలో పిల్లాపాపలతో నది దాటి వెళ్లిపోయారట.

"అచ్చం మనలాగే, పాపం," అన్నారు మావాళ్లు.

"అయిపోలేదు," అన్నాడు తాతయ్య. పడమట ఓ లోయ చేరి, వాగుల వెంట ఊళ్లు కట్టి, పొలాలకు నీళ్లు మళ్లించుకున్నారట. ఆ వాగుల చేపల మీద, ఒడ్డున పెరిగే గడ్డి మీద బతికే ఆదివాసులు ఆకలికి మోర్మన్ల పశువులను ఎత్తుకుపోయారట. తరిమితే ఎలా ఉంటుందో తెలిసిన ఆ మనుషులే వాళ్ల మీద తుపాకులు తీశారట.

"ఇంతకీ ఏం చేయమంటావు నాన్నా?" అన్నాడు బాబాయి, విసుగ్గా.

"పైపు అతికించి, ముందు ఆ రైతు బావిలోకి నీళ్లు వదలండి. తోట తడిశాక మనం స్నానాలు చేద్దాం."

అలాగే చేశారు. "దండం పెడ్తనేమో అని సూస్తున్నరా? మా నీళ్లే మాకిచ్చిండ్రు," అంది పెద్దమ్మ. తోట బతికింది. స్నేహం మాత్రం కుదరలేదు.

తర్వాత భూగర్భ జలాలు కొలిచే ఉద్యోగంలో ఇలాంటి తగాదాల మధ్య ఎన్నోసార్లు కూర్చుని అలసిపోయాను. ప్రతివాళ్లూ తమను ఎవరు తరిమారో చెబుతారు. అది పూర్తిగా వింటాను. ఆ తర్వాత, మీరు వచ్చేసరికి ఇక్కడి నీళ్లు ఎవరు తాగుతున్నారని అడుగుతాను.