ముద్ద విడగొట్టిన చెయ్యి

"ఆ, ఎక్కడ ఆపాను? పిందెలు. పొద్దున సగంలో ఫోన్ పెట్టేశావు కదక్కా. పాదు నిండా పువ్వే, పిందె ఒక్కటి నిలవట్లేదు. చిటికెన వేలంత అవడం, పసుపెక్కి రాలిపోవడం."

"పురుగేమన్నా కనిపించిందా?"

"కనపడకుండా కొడుతుందట. మందులకొట్టాయన చెప్పాడు. నాలుగింటికి మనిషిని పంపిస్తున్నాడు, తోట మొత్తం తడిపేస్తాడు."

"ఆగవే. ఆదివారం నీ ఆడపూలకి అద్దిన గాజుపలకలు ఇంకా చూడలేదు. చూసి చెబుతా."

"మీ రాళ్లకీ నా గుమ్మడికీ ఏం చుట్టరికం అక్కా? సరే, నాలుగింటి లోపు చెప్పు. ఈ కాపు పోయిందంటే పాదుతో పాటు నేనూ ఎండటమే."

అక్క ఫోన్‌ని గది బయట అరలో పెట్టి, చేతులకి తొడుగులు వేసుకుంది. ఆమ్లాల గదిలోకి ఫోన్ తీసుకెళ్లకూడదు.

పనిచేసే చోట ఈవిడని అందరూ జల్లెడమ్మ అంటారు. ఇరవై ఆరేళ్లుగా రాళ్లు జల్లిస్తోంది మరి. భూమి లోతుల్లోంచి తీసిన రాతిముక్కని నలగ్గొట్టి ఆమ్లంలో వేస్తుంది. రాయంతా కరిగిపోతుంది. కరగకుండా మిగిలేది కోట్ల ఏళ్ల నాటి పుప్పొడి. దాని పొట్టు అంత మొండిది. దాన్ని కంటికి ఆనని కన్నాల జల్లెడలో కడిగి, గాజుపలక మీద అద్ది, సూక్ష్మదర్శిని కింద పెడుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాళ్లమ్మ, "పిండి జల్లించమంటే సగం నేలపాలు చేసేదానివి, నిన్ను నమ్మి రాళ్లిచ్చారా?" అంది.

ఇచ్చారు. నమ్మారు కూడా. చిక్కంతా అక్కడే వచ్చింది.

పాత సారు నేర్పిన మొదటి పాఠం ఒకటుంది: పలక మీద ముద్ద కనిపించిందంటే కడగడం రాలేదన్నట్టే. రేణువులు విడివిడిగా ఉంటేనే లెక్కకి వీలు. అందుకని జల్లెడమ్మ ప్రతి ముద్దనీ గిలక్కొట్టి విడగొట్టేది. ఆవిడ పలకలంటే అద్దాలని పేరు.

కిందటి నెల కొత్త మేడం వచ్చింది. పలకలన్నీ చూసి, "ఇంత బాగా ఎవరు విడగొట్టారమ్మా?" అంది.

"నేనే మేడం. వెతికినా ఒక్క ముద్ద దొరకదు."

మేడం పలక పక్కన పెట్టింది. "గాలికెగిరే పుప్పొడి నున్నగా, పొడిగా, ఒంటరిగా ఉంటుంది. పురుగుల కాళ్లకి అంటుకుని వెళ్లేది ముళ్లతో, జిగటగా, గుంపుగా ఉంటుంది. ఆ ముద్దే మనకి సాక్ష్యం. పువ్వు దగ్గరికి ఎవరో వచ్చారని చెప్పేది అదే."

ఆ పూట జల్లెడమ్మకి ముద్ద దిగలేదు.

మర్నాటి నుంచి మిగిలిన రాతిముక్కల్ని పసిపిల్లకి నీళ్లు పోసినట్టు కడిగింది. కింది పొరల్లో, అంటే మరీ పాతవాటిలో, ముద్దలే ముద్దలు. పైకి వచ్చేకొద్దీ తగ్గుతూ వచ్చాయి. పై పొరల్లో ఇదివరకు కనపడకపోవడం తన చేతి పాపమే అయ్యుండాలని మనసులో మొక్కుకుంది. ఈ మధ్యాహ్నం ఆ చివరి పొరలు కడిగింది. ముద్ద లేదు. ముళ్ల రేణువే లేదు. నున్నటివి మాత్రం ఉన్నాయి. ఇంకా పైకి వస్తే అవీ పలచబడి, పూలే పూయని ఫెర్న్ మొక్కల సిద్ధబీజాలు, పుట్ట పగిలి చీమలు కమ్ముకున్నట్టు పలక నిండా.

"నీ చెయ్యి తప్పు కాదమ్మా," అంది మేడం. "నిజంగానే ఎవరూ రాలేదు."

గుండె తేలిక పడాల్సిన మాట. పడలేదు.

"చివరి ముద్దకీ ఈ ఫెర్న్‌లకీ మధ్య ఎంత కాలం మేడం?"

"ఏళ్లు ఇంకా తేలలేదు. రాతిలో అయితే రెండు వేళ్ల మందం."

జల్లెడమ్మ తన రెండు వేళ్లూ చూసుకుంది. తర్వాత చెల్లెలి పలకలు తీసింది. పది ఆడపూలు, పది పలకలు. గుమ్మడి పుప్పొడి పెద్ద బంతిలా, ఒళ్లంతా ముళ్లతో ఉంటుంది. గుడ్డివాడు కూడా గుర్తుపడతాడని వాళ్లలో వాళ్లు నవ్వుకుంటారు. మొదటి పలకలో నున్నటి గడ్డి పుప్పొడి. రెండోదాంట్లో అదే. పదోదాంట్లోనూ అదే, కాస్త దుమ్ము. జానెడు దూరంలో మగపువ్వు ఆ రోజు నిండుగా విచ్చుకునే ఉంది. ఆ జానెడూ మోసుకొచ్చేవాళ్లు లేరు.

ఆదివారం తోటలో నిలబడి, ఎంత ప్రశాంతంగా ఉందే ఇక్కడ, అంది తను. చెల్లెలు కూడా ఔనంది. ఝుమ్మన్న శబ్దం ఒక్కటి లేదని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

గోడ గడియారంలో నాలుగింటికి పది నిమిషాలు తక్కువ. కంచె వార ఎక్కడైనా ఒకటో రెండో తేనెటీగలు మిగిలి ఉంటే, ఆ మందుతో అవీ పోతాయి. చెప్పాల్సింది రెండు ముక్కలు: మందు కొట్టించకు. రేపు పొద్దున్నే మగపూలు తెంపి నీ చేత్తో నువ్వే ఆడపూలకి అద్దు. రాళ్లు చెప్పాయా అక్కా అని నవ్వుతుంది. నవ్వనీ.

తొడుగులు తీసేసి, చేతులు కడుక్కుని, అర దగ్గరికి నడిచింది. వచ్చిన మనిషితో మందు కలిపించే పని ఉంటే చెల్లెలు ఫోన్ ఇంట్లో వదిలేసి వెళుతుంది. అంతకు ముందే ఫోన్ ఎత్తితే చాలు.