రికార్డులో లేని రీడింగ్

సంగారెడ్డి పక్కన ఒక డిగ్రీ కాలేజీలో నేను కెమిస్ట్రీ చెప్పేదాన్ని. నా కోపం సంగతి అటెండర్ దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ తెలుసు.

మర్నాడు ప్రాక్టికల్ పరీక్ష. రికార్డు మీద నా సంతకం లేనిదే ఎవరినీ లోపలికి రానివ్వరు. పొద్దున్నుంచి గబగబా సంతకాలు పెట్టుకుంటూ పోతున్నదాన్ని, చివరి అమ్మాయి రికార్డు దగ్గర ఆగిపోయాను. టైట్రేషన్, అంటే రంగు మారేదాకా చుక్కచుక్కగా ద్రావణం వదిలి కొలిచే ప్రయోగం, దాని రీడింగ్ తొమ్మిది పాయింట్ ఆరు అని ఉంది. అందరిదీ పది పాయింట్ రెండు.

"ఇదెక్కడిది?"

"ఫోన్‌ల ఏఐని అడిగిన మేడం. అదే లెక్క చేసిచ్చింది."

నాకు ఒళ్లు మండిపోయింది. రికార్డు బల్ల మీద విసిరికొట్టాను.

"అన్నీ ఫోనే చేసిపెడితే ఇగ కాలేజీ ఎందుకు? సంతకం పెట్టను, పో!"

ఆమె కదల్లేదు. వాళ్ల నాన్న పనిచేసే గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో, డిగ్రీ పాసైతే ల్యాబ్‌లోకి తీసుకుంటామన్నారు. అది నాకూ తెలుసు. తెలిసే అరిచాను.

"నాది తప్పే మేడం. గని అందరు సీనియర్ల రికార్డు సూసి రాసిన్రు. మూడేండ్లల్ల ల్యాబ్ తాళం ఒక్కపారన్న తీసిన్రా? పాఠం ఫోన్ మంచిగనే చెప్పింది. బ్యూరెట్ పట్టుడు అది నేర్పలే. రేపు ఫ్యాక్టరీల చేసి సూపెట్టమంటే నేనేం జెయ్యాలె?"

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ పది పాయింట్ రెండు నాకు కంఠతా వచ్చు. అది ఎవరు, ఎప్పుడు చేస్తే వచ్చిందో మాత్రం నాకూ తెలియదు. కెమికల్స్ కావాలని రెండుసార్లు అడిగి, ఇవ్వకపోతే ఊరుకున్నదాన్ని.

తాళం చెవి కోసం సొరుగంతా వెతికాను. ల్యాబ్‌లో బల్లల నిండా దుమ్ము. కొలత గీతలు, కింద కుళాయి ఉన్న గాజు గొట్టం బ్యూరెట్‌ను కడిగి, సీసాల అడుగున మిగిలిన పొడులతో ద్రావణాలు చేసి ఆమె ముందు పెట్టాను. అలవాటు లేక ఆమె కుళాయి ఎక్కువ తిప్పేసింది. ఫ్లాస్కులో రంగు ఒక్కసారిగా ముదురు గులాబీకి తిరిగింది.

"ఎక్కువైంది. మళ్లీ."

రెండోసారీ అంతే. బయట ముత్తంగి వైపు వెళ్లే కాలేజీ బస్సు హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది. అది ఆమె బస్సే. తల తిప్పలేదు. మూడోసారి చుక్క చుక్కగా వదిలింది. లేత గులాబీ రంగు వచ్చి, పోకుండా నిలిచింది.

"పదకొండు పాయింట్ ఒకటి," అని చదివి, నా వైపు భయంగా చూసింది. "ఇది ఫోన్‌ది గాదు, సీనియర్లది గాదు. ఏది రాయాలె మేడం?"

"నీది రాయి."

పాతది కొట్టేసి రాసింది. సంతకం పెట్టాను. రికార్డు గుండెలకు పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"మా దోస్తులయి అన్ని పది పాయింట్ రెండే ఉన్నయి గద మేడం. అవి ఒప్పేనా?"

వాటన్నిటి మీదా పొద్దున నేను పెట్టిన సంతకం ఉంది. ఎవరి మీదైనా అరవగల నేను, "కాదు. తప్పు నాది," అని మెల్లగా అన్నాను.