ఇరవై పుల్లల చక్రం

మా నాయినకు మేడ్చల్‌లో బస్ డిపో దగ్గర సైకిల్ షాపు ఉంది. నేను పుట్టకముందు నుంచీ స్పోకులు వేసి చక్రాలు అల్లుతున్నాడు. నేనేమో ఇంజనీరింగ్ కాలేజీలో లోహాలు ఎందుకు విరుగుతాయో పాఠం చెబుతాను. మా ఇద్దరిలో చక్రం గురించి ఎవరికి ఎక్కువ తెలుసన్న విషయంలో నాకు ఏ అనుమానమూ ఉండేది కాదు.

పోయిన చలికాలం ఖరీదైన సైకిల్ కొన్నాను. వెనక చక్రానికి ఇరవై స్పోకులే. అవీ గాలిని కోసుకుపోయే చదును రకం. గాలి ఎంత భయపడిందో గానీ, పాత సైకిల్‌కు పాలక్యాన్లు కట్టుకుని వచ్చే పెద్దాయన మాత్రం రోజూ నన్ను దాటిపోయేవాడు.

నాయిన చుట్టూ తిరిగి చూశాడు. "గిదేంది, సగం పుల్లలు కొట్టేసిండ్రా?" అంటూ చెయ్యి చాపాడు.

"ముట్టకు నాయినా, ఇది నీకు తెల్వదు," అన్నాను.

షాపులో ఇద్దరు గిరాకీలు ఉన్నారు. నాయిన చెయ్యి వెనక్కి తీసుకుని మసిగుడ్డతో తుడుచుకున్నాడు. మళ్లీ ఆ సైకిల్ వైపు చూడలేదు.

నెలకే చక్రం ఊగడం మొదలైంది. నాయినను అడగడానికి నామోషీ. ఫోన్లో రెండు వీడియోలు చూసి, స్పోకులు తిప్పే చిన్న కీ కొని, నాకు తోచిన చోటల్లా వాటిని బిగించాను. చక్రం చూపుకు తిన్నగా నిలబడింది. ఇంత చదువు ఊరికే పోలేదని మురిసిపోయాను.

ఆదివారం పొద్దున శామీర్‌పేటకు బయల్దేరాను. దేవరయాంజాల్ దాటగానే టప్పుమని ఒక స్పోకు విరిగింది. నాయిన అల్లే వెనక చక్రానికి నలభై ఉంటాయి. ఒకటి పోయినా మిగతావి మోస్తాయి. నాకున్న ఇరవైలో ఒకటి పోయేసరికి రిమ్ము పక్కకు ఒరిగి బ్రేకుకు పట్టేసింది. గాలిని కోసే సైకిల్‌ను వెనక వైపు ఎత్తిపట్టి మేడ్చల్ దాకా నడిపించుకొచ్చాను. దారిలో పాలాయన ఆగి జాలిపడ్డాడు. అది మరీ ఘోరం.

స్పోకు చక్రం నడుమనుండే హబ్బు దగ్గరి వంపులో విరిగిందని నాయిన దూరం నుంచే కనిపెట్టాడు.

"ఏడ బిగించినవ్?"

చూపించాను.

"కొన్నిటిని మస్తు గుంజినవ్, కొన్నిటిని వదులుగనే ఇడిసినవ్. వదులుగున్నది చక్రం తిరిగినప్పుడల్లా కదులుతది. కదిలి కదిలి ఆ వంపు కాడ ఇరుగుతది. అన్నీ సమానంగ గుంజాలె బిడ్డా."

నేను బోర్డు నింపి రెండు గంటలు చెప్పే పాఠం అది. సిగ్గుతో చక్రం విప్పి ఆయన ముందు పెట్టాను. నాయిన కీ పట్టుకుని కూర్చున్నాడు గానీ, చెయ్యి చాపలేదు.

"ముట్టొచ్చా బిడ్డా?" అని అడిగాడు.

ఎగతాళేమోనని మొహం చూశాను. కాదు, నిజంగానే అడుగుతున్నాడు.

"ముట్టు నాయినా. నాకే తెల్వదు," అన్నాను.

ఈసారి వినడానికి షాపులో ఒక్క గిరాకీ కూడా లేడు.