అంబాసిడర్ గొట్టంలో మట్టిగూడు

పాకాల రైలు గేటు దగ్గర పాత కార్లు బాగుచేసే గిరికి షుగర్ వల్ల చూపు పోయాక, ఆ రేకుల షెడ్డు ఇక మూతపడుతుందనే అందరూ అనుకున్నారు. భార్య కృపామణి మూయనివ్వలేదు. ఇన్నేళ్లూ స్పానర్లు అందించిన చేతులతోనే బిగించడం నేర్చుకుంది. కళ్లకు కనబడింది ఆమె చెబుతుంది, అతను విని ఆలోచిస్తాడు.

ఓ వానాకాలం మధ్యాహ్నం పలమనేరు నుంచి మునిచంద్ర అనే పాడిరైతు తన తండ్రి నాటి అంబాసిడర్‌లో వచ్చాడు. వెనక నీలి పొగ. ఏళ్ల తరబడి ఆవుల కొట్టంలో నిలిచిపోయిన బండి అది.

"పిస్టన్ రింగులు పోయినాయని మా ఊరి మెకానిక్కులు అంటాండారక్కా. ఇంజను దించాలంట," అన్నాడు దిగులుగా.

కృపామణి కార్బురేటర్ విప్పి, దాని కిందున్న మానిఫోల్డులో వేలు పెట్టింది. గాలీ పెట్రోలూ మాత్రమే పోవలసిన దారి అది. వేలు నల్లటి నూనెతో బయటికొచ్చింది. ఆమెకూ రింగులే అనిపించింది. ఇంజన్ దించడం ఒంటరిగా ఎన్నడూ చేయలేదు.

స్టూలు మీదున్న గిరి నింపాదిగా అడిగాడు. "నూనె ఒక పక్కే ఉండాదా, అంతటా ఉండాదా?"

"అంతా ఒకే మాదిరి."

"కంప్రెషన్ సూసినావా?"

"సూసినా. నాలుగు సిలిండర్లూ బిగువుగానే ఉండాయి."

"అట్లయితే రింగులు కాదు మణీ. నూనె పైనించి దిగతాండాది. ఎనక్కి పో."

ఆమె వేలితోనే వెనక్కి వెళ్లింది. కార్బురేటర్ నోరు తడి. గాలి వడపోసే డబ్బా తడి. ఇంజన్ మూత నుంచి ఆ డబ్బాకు వచ్చే రబ్బరు గొట్టం నిండా నూనె. రేకుల మీద జల్లు సన్నగా పడుతోంది. నిద్రలో ఎవరో చెయ్యిపట్టి నడిపిస్తున్నట్టుంది ఆమెకు. చివరికి ఇంజన్ ఆవిరి బయటికి వదిలే ఇనప గొట్టం విప్పి నోటితో ఊదింది. గాలి పోలేదు. కమ్మీతో పొడిస్తే మట్టి ముద్దలు రాలాయి. వాటిని గిరి అరచేతిలో పెట్టింది.

అతను నలిపి వాసన చూశాడు. "కందిరీగ గూడబ్బా. లోపల పిల్లల మేతకని తెచ్చిపెట్టిన సాలీళ్లుంటాయి, సూడు."

ఉన్నాయి. ఊదితే ఎగిరిపోయేంత ఎండిపోయి.

"ఊపిరి పోయే దోవ మూసుకునింది. ఇంజను ఏం జేస్తాది? నూనెను ఎత్తుకోని పై దోవ పట్టినాది."

అన్నీ కడిగి బిగించాక, కాసేపటికి పొగ పలచబడి ఆగిపోయింది. "మీరే నడిపి సూడండక్కా," అని గిరిని ముందు సీట్లో ఎక్కించి, మునిచంద్ర వెనక సీట్లో కూర్చున్నాడు. దామలచెరువు దారిలో నాలుగు మలుపులు తిరిగేసరికి నిద్రపోయాడు.

"ఏం కనపడతాండాది?" అన్నాడు గిరి.

"ఆయిల్ ప్రెషర్ సరిగ్గానే..."

"బండి గాదు మణీ. బయట."

ఆమె చూపు మీటరు మీంచి రోడ్డు పక్కకు తిప్పింది. "మామిడి తోపులు," అంది మెల్లగా. "ఆకులన్నీ తడిసుండాయి. కొండ సగమే ఉండాది, మిగతాది మబ్బులో పోయినాది."

గిరి కిటికీలోంచి చెయ్యి బయటపెట్టాడు. ఆమె బండిని వెనక్కి తిప్పకుండా ఇంకొంచెం దూరం పోనిచ్చింది.