హెంప్ పొడికి తక్కువైన లైసిన్

2009 మార్చిలో, అమెరికాలో టెక్సస్‌లోని ప్లేనోలో నేను పనిచేస్తున్న చిన్న సప్లిమెంట్ల కంపెనీలో హెంప్ గింజల ప్రోటీన్ పొడి ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. నేను లేబుల్ రివ్యూయర్‌ని. డబ్బా వెనక పోషకాల పట్టికలో పడే ప్రతి అంకెనూ ల్యాబ్ రిపోర్టుతో సరిచూసి సంతకం పెట్టడం నా పని. ఈ లెక్కలు నేను కాలేజీలో చదువుకోలేదు. ప్యాకింగ్‌లో చేరి, సొంతంగా నేర్చుకున్నాను. త్వరలో పొడుల్లో ఏది ఎంత కలపాలో తేల్చే ఫార్ములేటర్ పోస్టు ఖాళీ అవుతుందని, ఈ పొడికి తను కోరిన ప్రోటీన్ శాతం తెచ్చి ఫైలు తేల్చినవాళ్లకే అది ఇస్తానని మేనేజర్ డయాన్ చెప్పింది. అదే ఫైలు కార్తీక్‌కి కూడా ఇచ్చింది. అతను ఎమ్మెస్ ముగించి కొత్తగా చేరిన కుర్రాడు. అతని డిగ్రీ కన్నా, డయాన్ అతని పేరు తప్పు లేకుండా పలకడం నాకు ఎక్కువ మంటగా ఉండేది. నా పేరు ఆమె నోట ఎన్నడూ పూర్తిగా రాలేదు.

"మొత్తానికి గంజాయి వ్యాపారంలో దిగావన్నమాట" అని ఇంట్లో మావారు ఏడిపించేవారు. మొక్క ఆ జాతిదే గానీ, మేం కెనడా నుంచి తెప్పించే గింజలు మత్తెక్కించవు. నూనె తీశాక మిగిలే పిండిని జల్లిస్తే ప్రోటీన్ పొడి వస్తుంది. పీచు, మెగ్నీషియం కూడా బాగానే ఉంటాయి. చిక్కల్లా శాతం దగ్గర. రోజుకు కావలసిన ప్రోటీన్‌లో ఇది ఎంత శాతమో రాయాలంటే, ఎంత జీర్ణమవుతుంది, శరీరం తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాల్లో ఏది బాగా తక్కువ అని చూసి, ఆ మేరకు కోత వేయాలి. హెంప్‌లో తక్కువైనది లైసిన్. పొట్టు తీసిన గింజలతో చూశాను. ఇంకా సన్నని జల్లెడ పట్టించాను. డయాన్ కోరిన శాతం రాలేదు.

ఒక మధ్యాహ్నం బ్రేక్ రూమ్‌లో కార్తీక్ నా లంచ్ డబ్బాలోకి తొంగిచూశాడు.

"ఆంటీ, డైలీ పప్పన్నమేనా? బోర్ కొట్టదా?"

"నీకు పెట్టనులే, భయపడకు."

నవ్వుతూ వెళ్లబోయి ఆగాడు. "రైస్‌లో లైసిన్ తక్కువ కదా ఆంటీ? పప్పులో ఎక్కువ."

ఆ మాట నాకూ అర్థమైంది. నేను ముద్ద మింగేలోపు అతను కంప్యూటర్ ముందున్నాడు.

హెంప్‌లో బఠానీ ప్రోటీన్ కలిపాడు. బఠానీలో లైసిన్ దండిగా ఉంటుంది. అందులో తక్కువైన మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం హెంప్‌లో ఉంటుంది. శాతం వచ్చింది. మీటింగ్‌లో, ఈ ఐడియా ఆంటీ లంచ్ బాక్స్‌లో దొరికిందని చెప్పాడు. అందరూ నావైపు తిరిగి చప్పట్లు కొట్టారు. పోస్టు అతనికి వెళ్లింది.

లేబుల్ సంతకానికి నా దగ్గరికే రావాలి కదా, వచ్చింది. ఒక్క తప్పు దొరికితే వెనక్కి పంపవచ్చు. మొదటినుంచీ మళ్లీ లెక్కవేశాను. జీర్ణశాతం, లైసిన్, రౌండ్ చేసిన అంకెలు, అన్నీ చూశాను.

"ఏమైనా మిస్టేక్ ఉందా ఆంటీ?" అని తలుపు దగ్గర నిలబడి అడిగాడు.

"లేదు" అని సంతకం పెట్టాను.

ఒక సరుకులో తక్కువైనదాన్ని అదే సరుకులో వెతుకుతూ కూర్చోకూడదని ఆ ఫైలు నాకు నేర్పింది. అంకె సరైనదైతే, ఎవరు వేసినా, రివ్యూయర్ సంతకం పెట్టాలి. కార్తీక్ మీద అసూయ నేను రిటైరయ్యేదాకా తగ్గలేదు. తగ్గాలన్న నియమం ఆ ఉద్యోగంలో లేదు.